60 శాతం కీబోర్డు పీసీబీకి కేస్ ఎంచుకోవడం: "60% కంపాటిబుల్" అని రాసి ఉంటే సరిపోతుందా?

నల్లమీట (ప్రశ్న)

నమస్తే అండీ. సొంతంగా ఒక కీబోర్డు కూర్చుకుంటున్నాను, కేస్ తప్ప మిగతావన్నీ సిద్ధంగా ఉన్నాయి. వివరాలు ఇవి:

పీసీబీ (కీల కింద ఉండే సర్క్యూట్ బోర్డు): 60 శాతం, హాట్‌స్వాప్ (స్విచ్‌లని టంకం లేకుండా గుచ్చే సాకెట్లు ఉన్నది), మందం 1.6 మి.మీ. యూఎస్‌బీ-సి పోర్ట్ బోర్డు మీదే టంకం వేసి ఉంది, వెనక అంచున ఎడమవైపు. నాలుగు గుండ్రటి రంధ్రాలు, కుడి ఎడమ అంచుల్లో ఒక్కో గాటు ఉన్నాయి. అడుగు వైపు నాలుగు పిన్నుల చిన్న సాకెట్ ఒకటి ఖాళీగా ఉంది.

ప్లేట్ (స్విచ్‌లు కూర్చునే పలక): ఎఫ్ఆర్4, 1.5 మి.మీ. వెనక అంచున మూడు, ముందు అంచున మూడు చిన్న చెవులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

5 పిన్ స్విచ్‌లు, పీసీబీకి బిగించే స్క్రూ-ఇన్ స్టెబిలైజర్లు (పొడవాటి కీలు ఒరగకుండా పట్టేవి), మామూలు యాన్సీ (అమెరికన్) లేఅవుట్, 6.25యూ స్పేస్‌బార్.

కేస్‌లు రెండు చూశాను. మొదటిది అల్యూమినియం, ట్రే మౌంట్ (బోర్డుని కేస్ అడుగున ఉన్న దిమ్మెలకి స్క్రూలతో బిగించేది). రెండోది పాలికార్బొనేట్, గ్యాస్కెట్ మౌంట్ (ప్లేట్ చెవులని మెత్తటి పట్టీల మధ్య పట్టేది), డాటర్‌బోర్డ్ (పోర్ట్ ఉండే విడి చిన్న బోర్డు) కేస్‌తోనే వస్తుంది, పోర్ట్ కోత వెనక గోడకి మధ్యలో ఉంది. రెండిటి వివరాల్లోనూ "60% పీసీబీలకు సరిపోతుంది" అన్న ఒక్క ముక్కే ఉంది. కొనే ముందు ఏమేం సరిచూసుకోవాలి? ఈ ప్లేట్ రెండిట్లోనూ పడుతుందా? మున్ముందు బ్యాటరీ ఉన్న వైర్‌లెస్ పీసీబీకి మారే ఆలోచన కూడా ఉంది, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

దిమ్మెలు_ఆరు

"60 శాతం" అన్న మాట కీలు ఎంత మేర పరుచుకున్నాయో మాత్రమే చెబుతుంది. ఒక కీ స్థలం 1యూ, అంటే 19.05 మి.మీ. అడ్డంగా 15యూ, నిలువుగా 5యూ, మొత్తం 285.75 × 95.25 మి.మీ. పీసీబీ దానికంటే కాస్త తక్కువగా 285 × 94.6 ఉంటుంది. ఇంతవరకు 60 బోర్డులన్నీ దాదాపు ఒకటే. బోర్డుని కేస్ ఎక్కడ పట్టుకుంటుంది, పోర్ట్ ఎక్కడికి వస్తుంది, అడుగున ఎంత ఖాళీ ఉంది అన్న మూడు సంగతులూ ఆ మాటలో లేవు. సరిపోవడం, సరిపోకపోవడం అంతా ఆ మూడిట్లోనే ఉంది.

మీ బోర్డులో నాలుగు రంధ్రాలు, రెండు గాట్లు అన్నారు కాబట్టి అది పోకర్, జీహెచ్60 అనే పాత 60 శాతం బోర్డుల నుంచి వచ్చిన అమరిక కావచ్చు. "కావచ్చు" తోనే ఆగిపోకండి, స్కేలు పెట్టి చూడండి. బోర్డుని కీల వైపు నుంచి చూస్తూ, వెనక ఎడమ మూలని సున్నా అనుకుని, ముందు అడ్డం తర్వాత నిలువు కొలవండి. రంధ్రాల నడిబొడ్డులు ఇక్కడ ఉండాలి: 25.2 దగ్గర 27.9, 128.2 దగ్గర 47, 190.5 దగ్గర 85.2, 260.05 దగ్గర 27.9. పక్క గాట్లు రెండూ వెనక అంచు నుంచి 56.5 మి.మీ. కిందికి. గుర్తుపట్టడానికి తేలిక దారి: నడుమ రంధ్రం జీ, హెచ్ కీల మధ్య ఉంటుంది, ముందు వరస రంధ్రం స్పేస్‌బార్ కుడి కొస దగ్గర ఉంటుంది. కొలతలు అర మి.మీ. లోపు కలిస్తే ట్రే మౌంట్ కేస్‌లలో ఎక్కువ భాగం మీ బోర్డుని పట్టుకుంటాయి.

కేస్ అమ్మేవాళ్ల దగ్గర అడగాల్సింది ఫొటో కాదు, డ్రాయింగ్. అది దొరికితే ఏ4 కాగితం రెండు షీట్లు అంటించి, 100 శాతం సైజులో ప్రింట్ తీసి, మీ పీసీబీని దాని మీద పెట్టండి. ప్రింటర్ సెట్టింగులలో "పేజీకి సరిపోయేలా కుదించు" అన్నది ఆపేయకపోతే కొలతలన్నీ 3, 4 శాతం తగ్గి వస్తాయి, అంతా తప్పిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే ముందు ప్రింట్ మీద ఒక 100 మి.మీ. గీతని స్కేలుతో కొలిచి చూసుకోండి.

ఇక ప్లేట్. ఆ చెవులు గ్యాస్కెట్ కేస్ కోసం ఉన్నవి. ట్రే కేస్ లోపలి పొడవు వెడల్పులు పీసీబీ కంటే ఒకటి, ఒకటిన్నర మి.మీ. మాత్రమే ఎక్కువ ఉంటాయి, చెవులు గోడకి కొట్టుకుంటాయి. ఇంకో సంగతి చాలామంది చూడరు: ట్రే మౌంట్‌లో స్క్రూ పై నుంచి ప్లేట్ గుండా దిగి పీసీబీని కేస్ దిమ్మెకి బిగిస్తుంది. కాబట్టి ప్లేట్‌లో కూడా ఆ రంధ్రాల చోట్లలోనే స్క్రూ తల, స్క్రూడ్రైవర్ మొన దిగేంత కంత ఉండాలి. గ్యాస్కెట్ కోసం కోసిన ప్లేట్లలో కొన్నిటికి ఈ కంతలు ఉండవు. మీ ప్లేట్‌ని పీసీబీ మీద ఆనించి లైటు ముందు పట్టుకోండి. నాలుగు రంధ్రాల గుండా వెలుతురు రావాలి.

టంకం_పొగ

పై సమాధానానికి పోర్ట్ సంగతి కలుపుతాను, ఎందుకంటే అన్నీ కలిసి ఇది ఒక్కటి తప్పినా కేస్ పనికిరాదు.

పోర్ట్ కోత సరైన చోట ఉందా అన్నది సగమే. కేబుల్ ప్లగ్ లోపలిదాకా పోతుందా అన్నది మిగతా సగం. యూఎస్‌బీ-సి ప్లగ్‌లో బయటికి కనిపించే లోహపు ముక్కు సుమారు ఆరున్నర మి.మీ. పొడవు. దాని వెనక చేత్తో పట్టుకునే ప్లాస్టిక్ భాగం ప్రమాణం ప్రకారం 12.35 × 6.5 మి.మీ. దాకా ఉండొచ్చు. కేస్ కోత అంతకంటే చిన్నదైతే ఆ ప్లాస్టిక్ గోడ బయటే ఆగిపోతుంది. గోడ 4.5 మి.మీ. మందం ఉండి, పోర్ట్ నోరు గోడ లోపలి ముఖం దగ్గరే ఉందనుకోండి, ముక్కు పోర్ట్‌లోకి దిగేది రెండు మి.మీ. అంతే. ఒక్కోసారి కరెంటు వస్తుంది, కీబోర్డు గుర్తుపట్టబడదు. ఒక్కోసారి గుర్తుపట్టబడి, చెయ్యి తగిలితే తెగిపోతుంది. బోర్డు పాడైందనుకుని జనం పోర్ట్ విప్పి మళ్లీ టంకం వేస్తారు. తప్పు గోడది.

అందుకని మూడు అంకెలు అడిగి తెలుసుకోండి: కోత వెడల్పు, కోత ఎత్తు, ఆ చోట గోడ మందం. కోత 13 × 7 లేదా అంతకు పైన ఉంటే ఏ కేబుల్ అయినా పోతుంది. గోడ బయటివైపు పెద్ద గుంట తీసి లోపల చిన్న కోత పెట్టిన కేస్‌లు కూడా ఉన్నాయి, గుంట అడుగున మిగిలిన గోడ ఒకటి రెండు మి.మీ. లోపే అయితే అవీ మంచివే.

నిశ్శబ్దం65

రెండో కేస్, అంటే గ్యాస్కెట్ గురించి.

పోర్ట్ కోత మధ్యలో ఉంది, మీ బోర్డు పోర్ట్ ఎడమవైపు ఉంది. అంటే మీ బోర్డు మీదున్న పోర్ట్ ఆ కేస్‌లో పనికిరాదు. మీరు చెప్పిన ఖాళీ నాలుగు పిన్నుల సాకెట్ దాదాపుగా డాటర్‌బోర్డ్ కోసం ఉంచినదే. అది 1.0 మి.మీ. దూరం పిన్నుల జేఎస్‌టీ-ఎస్‌హెచ్ రకం అయితే, యూనిఫైడ్ డాటర్‌బోర్డ్‌లు (చాలా కేస్‌లలో వాడే ఉమ్మడి డిజైన్) వాడే సాకెట్ కూడా అదే. కేబుల్ గుచ్చుకోవచ్చు. కానీ గుచ్చేముందు పిన్నుల వరస చూడండి. 5 వోల్టులు, డీ మైనస్, డీ ప్లస్, గ్రౌండ్: ఈ నాలుగూ రెండు వైపులా ఒకే వరసలో కలవాలి. కేబుల్‌లో రెండు రకాలు దొరుకుతాయి, ఒకటి నేరుగా, ఒకటి తిరగేసి. తప్పు రకం పెడితే 5 వోల్టులు గ్రౌండ్ కాలికి వెళతాయి. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, కంప్యూటర్‌కి ఏదీ కలపకుండా, డాటర్‌బోర్డ్ మీది గ్రౌండ్ ప్యాడ్ నుంచి పీసీబీ మీది గ్రౌండ్ ప్యాడ్ దాకా కేబుల్ గుండా బీప్ వస్తుందో లేదో చూడండి. పోర్ట్ లోహపు తొడుగు మీద పెట్టి కొలవద్దు. కొన్ని బోర్డులలో తొడుగుకీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టర్ ఉంటుంది, బీప్ రాదు. రెండు పోర్టులకీ ఒకేసారి కేబుళ్లు పెట్టడం కూడా వద్దు.

అది కుదిరినా ఇంకో అడ్డు ఉంది. మీ బోర్డు మీదున్న పోర్ట్ పీసీబీ అంచు దాటి కొద్దిగా బయటికి ఉంటుంది. ఆ కేస్‌లో ఎడమవైపు కోత లేదు కాబట్టి అక్కడ లోపలి గోడకి పోర్ట్ తగులుతుంది. గ్యాస్కెట్ మీద బోర్డు తేలాలి, ఒక మూల గోడకి ఆనితే ఇక తేలేదేముంది.

చెవుల సంగతికి వస్తే, గ్యాస్కెట్ ప్లేట్ల చెవులకి ఏ ప్రమాణమూ లేదు. ఎన్ని ఉండాలి, ఎక్కడ, ఎంత వెడల్పు అన్నది కేస్ తయారుచేసినవాళ్ల ఇష్టం. మీ ప్లేట్‌కి మూడు, మూడు ఉన్నాయి, ఆ కేస్‌కి నాలుగు, నాలుగు ఉంటే అంతే సంగతులు. గ్యాస్కెట్ కావాలంటే నా సలహా ఒక్కటే: కేస్, ప్లేట్, పీసీబీ మూడూ ఒకరి దగ్గరే, ఒక జతగా తీసుకోండి. ముందు పీసీబీ కొని గ్యాస్కెట్ కేస్ వెతకడం తలకిందుల పని.

దిమ్మెలు_ఆరు

@నిశ్శబ్దం65 చెప్పింది నిజం. ఇంకో మాట: ట్రే మౌంట్‌ని తక్కువగా చూడటం అలవాటైపోయింది. దాని లోపం ఒక్కటే, దిమ్మెల దగ్గర గట్టిగా, దిమ్మెలకు దూరంగా మెత్తగా ఉంటుంది, జీ, హెచ్ దగ్గర కీ శబ్దం వేరు, టాబ్ దగ్గర వేరు. దానికి బదులు దొరికేది ఏమిటంటే, ఆ ఆరు చోట్లనే నమ్ముకున్న పీసీబీలు, కేస్‌లు ఎన్నో ఉన్నాయి, ఒకటి పోతే ఇంకొకటి పెట్టుకోవచ్చు. 65 శాతానికి వెళితే ఆ సౌకర్యం కూడా లేదు. అక్కడ అడ్డం 16యూ, 304.8 మి.మీ., అంతే ఉమ్మడి సంగతి. రంధ్రాలు ఒక్కో బోర్డుకి ఒక్కో చోట. "65% కేస్" అని రాసి ఉంటే ఫలానా పీసీబీ పేరు, దాని వెర్షన్ నంబరు ఆ జాబితాలో ఉందా అని చూడటం తప్ప దారి లేదు. ఒకే పీసీబీ రెండు వెర్షన్లలో పోర్ట్ చోటు మారిన సందర్భాలు ఉంటాయి.

అడుగుఖాళీ

అడుగున ఖాళీ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. అల్యూమినియం కేస్ కదా, అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

1.6 మి.మీ. పీసీబీలో స్విచ్ పిన్నులు అడుగున సుమారు 1.7 మి.మీ. బయటికి వస్తాయి, పిన్ను పొడవు 3.3 కాబట్టి. హాట్‌స్వాప్ సాకెట్ ఎత్తు దాదాపు 1.8. యూఎస్‌బీ-సి పోర్ట్ అడుగు వైపు అతికించి ఉంటే 3.2 దాకా దిగుతుంది. స్టెబిలైజర్ స్క్రూ తలలు కూడా అడుగు వైపే వస్తాయి, వాటి కింద వాషర్ వేస్తే ఇంకొంచెం. దిమ్మె ఎత్తు వీటన్నిటికంటే ఎక్కువ ఉండాలి. దిమ్మె ఎత్తు 3 మి.మీ. ఉన్న కేస్‌లో పోర్టే ముందు నేలకి తాకుతుంది, ఆ మూల బోర్డు లేచిపోయి దిమ్మె మీద ఆనదు. దాన్ని స్క్రూతో బలవంతాన కిందికి లాగితే పీసీబీ వంగి, ఆ చుట్టుపక్కల టంకం చీలుతుంది.

కొలిచే పద్ధతి చెబుతాను. కేస్ రాగానే ఏదీ బిగించకముందు చేయండి. పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే తీసుకుని శనగగింజంత ఉండలు పదో పన్నెండో చేసి, కేస్ అడుగున పోర్ట్ కింద, ప్రతి దిమ్మె పక్కన, స్పేస్‌బార్ స్టెబిలైజర్ రెండు కొసల కింద, ఎంటర్, బ్యాక్‌స్పేస్, ఎడమ షిఫ్ట్ స్టెబిలైజర్ల కింద పెట్టండి. మీద వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ పరవండి, లేకపోతే క్లే సాకెట్లలోకి దూరుతుంది. స్టెబిలైజర్లు బిగించిన పీసీబీని మెల్లగా దించి, దిమ్మెలకి ఆనేదాకా రంధ్రాల దగ్గర వేళ్లతో ఒత్తండి. నిట్టనిలువుగా పైకి తీయండి. ఉండలు బిళ్లలైపోయి ఉంటాయి, ఏది ఎక్కడ ఆనిందో దాని అచ్చు పడి ఉంటుంది. స్క్రూ తల అచ్చులో ప్లస్ గాటు కూడా కనిపిస్తుంది. ఒక్కో బిళ్లని బ్లేడుతో మధ్యకి కోసి, అతి పల్చటి చోటు కొలవండి. 0.5 మి.మీ. కంటే తక్కువ ఉన్న ప్రతిచోటా కేస్ అడుగుకి పాలీఇమైడ్ టేపు రెండు పొరలు అంటించండి. ఆ టేపు వేడికి, ఒత్తిడికి తట్టుకుంటుంది. మామూలు ఇన్సులేషన్ టేపు జిగురు కారి పక్కకి జారుతుంది.

ఇదే పరీక్షలో ఇంకొకటి బయటపడుతుంది: కేస్‌లో దిమ్మె ఉండి, పీసీబీలో రంధ్రం లేకపోవడం. హాట్‌స్వాప్ బోర్డులలో సాకెట్‌కి చోటు కోసం ఒక రంధ్రం ఎగరగొట్టిన సందర్భాలు ఉంటాయి. ఆ దిమ్మె నేరుగా సాకెట్ పలక మీదో, పిన్ను మీదో ఆనుతుంది. ప్లాస్టిక్ కేస్ అయితే కటింగ్ ప్లేయర్‌తో దిమ్మెని కొరికేసి ఆకురాయితో చదును చేస్తే సరి. అల్యూమినియంలో ఆ దిమ్మె కేస్‌తో ఒకే ముక్కగా చెక్కినది, డ్రిల్లింగ్ మెషిన్ లేకుండా తీయలేరు, అలాంటి కేస్ కొనకపోవడమే మేలు.

ఫోమ్ వేస్తే దాని మందం కూడా ఈ ఖాళీలోంచే పోతుంది. దిమ్మె 4, సాకెట్ 1.8 అయితే మిగిలింది 2.2. అందులో 2 మి.మీ. మెత్తటి ఫోమ్ చాలు. 5 మి.మీ. ఫోమ్ కుక్కితే అది సాకెట్లని పైకి తోస్తూ ఉంటుంది, మధ్యలో బోర్డు ఉబ్బుతుంది. చిప్‌లు ప్యాక్ చేసి వచ్చే నల్లటి ఫోమ్ మాత్రం పెట్టకండి, అందులో కరెంటు పారే రకం ఉంటుంది, కీలు వాటంతటవే నొక్కుకుంటాయి.

నల్లమీట

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. గ్యాస్కెట్ కేస్ వద్దనుకున్నాను. అల్యూమినియం కేస్ డ్రాయింగ్ అడిగితే పంపారు. రంధ్రాలు కాగితం మీద ఆరూ కలిశాయి. ప్లేట్‌లో వెలుతురు నాలుగు చోట్లా వస్తోంది. మిగతా అంకెలు: లోపలి పొడవు 286.2, వెడల్పు 96. దిమ్మె ఎత్తు 4. దిమ్మెలో మర లోతు 3 మి.మీ., ఎం2. పోర్ట్ కోత 10 × 5, అక్కడ గోడ మందం 4. కేస్‌తో ఎం2 × 6 స్క్రూలు ఇస్తున్నారు. ప్లేట్ చెవులు కోసేయవచ్చా, వేరే ప్లేట్ కొనాలా? రీసెట్ బటన్ బోర్డు అడుగున ఉంది, కేస్‌కి కంత లేదు, అది ఇబ్బందా?

టంకం_పొగ

ఆ అంకెల్లో రెండు తేడాగా ఉన్నాయి.

మొదటిది కోత. 10 × 5 లో చాలా కేబుళ్ల ప్లాస్టిక్ దూరదు. గోడ 4 మి.మీ. మీ పోర్ట్ నోరు పీసీబీ అంచు దాటి ఒక మి.మీ. ఉందనుకుందాం. కోత 10 మి.మీ. వెడల్పు కాబట్టి 9 మి.మీ. పోర్ట్ ఆ ఒక్క మి.మీ. మేర గోడలోకి దూరుతుంది, కానీ లోపలి అంచుకీ పీసీబీకీ మధ్య ఉన్న వదులు పోను దక్కేది అర మి.మీ. లోపే. అంటే ముక్కు పోర్ట్‌లోకి మూడు మి.మీ. లోపే వెళ్లి ఆగుతుంది, సరిపోదు. దారులు రెండు. కోతని బయటివైపు నుంచి 13 × 7 కి, 2.5 మి.మీ. లోతు దాకా పెద్దది చేయడం, లేదా 10 × 5 లో పట్టే సన్నటి ప్లాస్టిక్ ఉన్న కేబుల్ వెతకడం. రెండోది ఏ కేబుల్ పోయినా మళ్లీ వెతుకులాటే.

ఆకురాయితో చేయాలంటే సన్నటి చదును ఆకురాయి చాలు, అల్యూమినియం మెత్తటి లోహం. కేస్ బయటంతా మాస్కింగ్ టేపు అంటించి, కావాల్సిన చదరం మాత్రం గీసి వదలండి. ఆకురాయి పళ్లలో అల్యూమినియం పొడి ఇరుక్కుని, ఆ ముద్దలే గీతలు పెడతాయి. ముందు ఆకురాయికి సుద్ద రుద్దండి, పది రుద్దుళ్లకోసారి వైరు బ్రష్‌తో దులపండి. యానోడైజింగ్ పూత పోయిన చోట తెల్లటి లోహం బయటపడుతుంది, అది చూపుకే, పనికి అడ్డం కాదు. పొడి మొత్తం కడిగి ఆరబెట్టకుండా మాత్రం పీసీబీ దగ్గరికి తేవద్దు.

రెండోది స్క్రూలు. పీసీబీ 1.6, మర లోతు 3, కలిపి 4.6. మీకిచ్చేది 6 మి.మీ. స్క్రూ. అది మర అడుగుకి కొట్టుకుని ఆగుతుంది, తలకీ పీసీబీకీ మధ్య 1.4 మి.మీ. ఖాళీ మిగిలిపోతుంది, బోర్డు లొటలొటలాడుతుంది. వదులుగా ఉందని ఇంకా తిప్పితే మర చెదిరిపోతుంది. ఎం2 × 4 తెప్పించుకోండి, 2.4 మి.మీ. మరలో దిగుతుంది, ఎం2 కి అది చాలు. కింద అర మి.మీ. ఫైబర్ వాషర్ వేసినా 1.9 మిగులుతుంది.

నిశ్శబ్దం65

చెవులు: కోసేయవచ్చు. ఎఫ్ఆర్4 అంటే గాజుపీచు, రెజిన్. దాని ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్క్ కట్టుకుని, కోసే చోట తడిగుడ్డ పెట్టి, సన్న పళ్ల హ్యాక్సా బ్లేడుతో అంచుకి అర మి.మీ. ఇవతల కోసి, మిగిలింది తడి ఎమెరీ కాగితం మీద అరగదీయండి. కటింగ్ ప్లేయర్‌తో కొరికితే పొరలు విడిపోయి, పగులు స్విచ్ కంత దాకా పాకుతుంది. కోశాక ప్లేట్ అడ్డం 286, నిలువు 95.5 దాటకుండా చూడండి, మీ కేస్‌కి రెండు వైపులా కొంచెం వదులు ఉండాలి.

రీసెట్ బటన్: క్యూఎంకే ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్) అయితే అందులో బూట్‌మ్యాజిక్ అనే సదుపాయం ఉంటే చాలు, ఎడమ పై మూల కీ నొక్కి పట్టుకుని కేబుల్ గుచ్చితే బూట్‌లోడర్‌లోకి, అంటే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించే స్థితిలోకి వెళుతుంది. కేస్‌లో పెట్టకముందే అది పనిచేస్తుందో చూసుకోండి. పనిచేయకపోతే కీమ్యాప్‌లో ఏదో ఒక లేయర్‌లో బూట్‌లోడర్ కీ పెట్టుకుని, అప్పుడు మూయండి.

లేఅవుట్ మీద ఒక హెచ్చరిక, మీకు కాకపోయినా ఇది చదివే ఇంకెవరికైనా. కేస్ పై భాగంలో విన్ కీ చోట మూసేసిన మూలలు ఉన్నాయేమో చూడండి. విన్‌కీలెస్ (విన్ కీలు లేని) కేస్‌లో కింది వరస 1.5, ఖాళీ 1, 1.5, 7, 1.5, ఖాళీ 1, 1.5. హెచ్‌హెచ్‌కేబీ (హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డ్) తరహాలో రెండు కొసల్లోని 1.5 చోట్లు మూసి ఉంటాయి. 6.25 స్పేస్‌బార్ ఉన్న యాన్సీ వరస, 1.25 × 3 + 6.25 + 1.25 × 4, మొత్తం 15 వచ్చినా ఆ కేస్‌లో కీలు మూతల కింద పడతాయి. మొత్తం 15యూ వచ్చిందని మురిసిపోకూడదు, ఎక్కడ విరుగుతుందో చూడాలి.

పాలీసెల్

బ్యాటరీ గురించి అడిగారు కదా, ఆ అల్యూమినియం కేస్‌లో దాన్ని మర్చిపోండి. దిమ్మె 4, సాకెట్ 1.8, మిగిలేది 2.2 మి.మీ. లిథియం పాలిమర్ సెల్‌కి వాడుతున్నకొద్దీ ఉబ్బే గుణం ఉంది, కొన్నప్పటి మందం మీద కనీసం 10 శాతం ఖాళీ వదలాలి. పైన సాకెట్ అంచులు, పిన్ను మొనలు ఉంటాయి. 2 మి.మీ. సెల్‌ని వాటికింద కుక్కి పైన స్క్రూలు బిగించడం అంటే సెల్‌ని గుచ్చడానికి ఏర్పాటు చేసుకోవడమే. వైర్‌లెస్‌కి కావాల్సింది వెనకవైపు ఎత్తు ఎక్కువై, అడుగున బ్యాటరీ కోసం ప్రత్యేకంగా గుంట ఉన్న కేస్.

సిగ్నల్ కూడా చూడాలి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ లోహం దాటి రాదు. అడుగు, గోడలు అల్యూమినియం, పైన అల్యూమినియం ప్లేట్ అయితే యాంటెన్నా పెట్టెలో పెట్టినట్టే. మీకున్న ఎఫ్ఆర్4 ప్లేట్ ఆ మేరకు మంచిది, పై నుంచి కొంత బయటికి వస్తుంది. అయినా వైర్‌లెస్ అనుకున్నప్పుడు ప్లాస్టిక్, పాలికార్బొనేట్ లేదా చెక్క కేస్‌కే వెళ్లండి. బ్యాటరీ కనెక్టర్ పోలారిటీకి కూడా ప్రమాణం లేదు. ఎరుపు, నలుపు వైర్లు సాకెట్‌లో ఎటు పడుతున్నాయో పీసీబీ మీది ప్లస్ గుర్తుతో పోల్చి చూడకుండా గుచ్చితే ఛార్జింగ్ చిప్ క్షణంలో పోతుంది.

పొరపొర

3డి ప్రింట్ చేసుకుందాం అనుకునేవాళ్లకి చిన్న లెక్క. 60 కేస్ గోడలతో కలిపి సుమారు 300 × 105. 256 మి.మీ. చదరపు బెడ్ మీద ఐమూలగా పెడితే పడుతుందనిపిస్తుంది. పడదు. 45 డిగ్రీల దగ్గర కావాల్సిన భుజం (300 + 105) × 0.707, అంటే 286. కాబట్టి రెండు ముక్కలుగానే చేయాలి. కోత స్పేస్‌బార్ కుడి కొస దగ్గరి దిమ్మె మీదుగా పోకుండా చూసుకోండి. లోపలి కొలతకి ప్రతివైపు 0.4 మి.మీ. వదులు ఇవ్వండి, 285 కి 285.8.

అడుగుఖాళీ

బిగించే వరస కూడా చెప్పేస్తాను, ఇంక మీకు అడ్డేమీ లేదు కాబట్టి.

స్టెబిలైజర్లు ముందు. వాటి స్క్రూ తలల కింద ఇన్సులేటింగ్ వాషర్. తర్వాత కేబుల్ పెట్టి, ప్రతి సాకెట్‌లో రెండు పిన్నుల చోట్లా ట్వీజర్ ఆనించి కీ నమోదు అవుతోందో చూడండి. ఆ తర్వాత ప్లేట్, నాలుగు మూలల స్విచ్‌లు, నడుమ రెండు. మిగతా స్విచ్‌లు ఇప్పుడే పెట్టకండి, దిమ్మె రంధ్రాల పక్క స్విచ్‌లు ఉంటే స్క్రూడ్రైవర్ నిటారుగా దిగదు, వాలుగా తిప్పితే మర అడ్డంగా పడుతుంది. పోర్ట్ నోటిని మొదట కోతలోకి వాల్చి, తర్వాత ముందు అంచుని దించండి. నేరుగా పై నుంచి ఒత్తితే పోర్ట్ టంకం మీద బరువు పడుతుంది. ఆరు స్క్రూలనీ మూడేసి చుట్లు మాత్రం తిప్పి, అన్నీ పట్టాక ఎదురెదురుగా బిగించండి. తల పీసీబీకి ఆనిన తర్వాత పావు చుట్టు, అంతే. మిగతా స్విచ్‌లు గుచ్చేటప్పుడు పిన్ను వంగితే కింద చెయ్యి పెట్టి సాకెట్‌ని ఆపే వీలు కేస్‌లో ఉండదు కాబట్టి, ఒక్కో స్విచ్‌కి పిన్నులు తిన్నగా ఉన్నాయో లేదో కంటితో చూసి పెట్టండి. సాకెట్ ప్యాడ్ ఊడేది ఎక్కువగా ఇక్కడే.

అంతా అయ్యాక జీ, హెచ్ దగ్గర శబ్దం మిగతా చోట్ల కంటే గట్టిగా వినిపిస్తే నడుమ స్క్రూ ఒక్కటి తీసేసి, ఆ దిమ్మె మీద పల్చటి రబ్బరు వాషర్ పెట్టి చూడండి. మిగతా ఐదూ బోర్డుని పట్టుకోవడానికి చాలు.